పాలిస్టైరీన్ తేనెపెట్టె: ఎంపిక, అమరిక, తెలుగు పదజాలం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

తేనెటీగల పెంపకంలో చెక్కపెట్టెలకు ప్రత్యామ్నాయంగా ఫిన్లాండ్, డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ వంటి చలిదేశాలలో పాలిస్టైరీన్ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. వీటి పదార్థ స్వభావం, ఎంచుకొనేటప్పుడు పాటించవలసిన ప్రమాణాలు, అమర్చే క్రమం, శుద్ధి పద్ధతి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వివరణతో పాటు, ఇటువంటి సాంకేతిక విషయాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు పదాల ఎంపిక ఆచరణను ఏ విధంగా ప్రభావితం చేస్తుందో పరిశీలిస్తుంది. వాడుకలో ఉన్న కొన్ని పదాల పరిమితులను చూపి, ప్రత్యామ్నాయాలను ప్రతిపాదించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: తేనెటీగ, తేనెపెట్టె, పాలిస్టైరీన్, ఈగసందు, ఉష్ణరక్షణ, పారిభాషిక పదం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

శాస్త్రవిషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు పాఠకుడికి తెలిసిన మాటనే వాడాలన్నది మనం తరగతి గదిలో తరచుగా చెప్పే సూత్రం. ఈ సూత్రం చాలా సందర్భాలలో సరైనదే. అయితే తెలిసిన మాట తెలిసిన వస్తువునే గుర్తుకు తెస్తుంది. వివరించవలసిన వస్తువు దానికంటే భిన్నమైనప్పుడు ఆ మాటే పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది. ఈ విషయం నాకు సిద్ధాంతగ్రంథాల ద్వారా కాక, స్వీయానుభవం ద్వారా తెలిసింది.

కొన్నేళ్ల కిందట తేనెటీగల పెంపకంపై ఒక ఆంగ్ల కరదీపికలోని కొన్ని పుటలను మా మేనమామ కోసం అనువదించాను. ఆయన ఇంటి పెరట్లో రెండు పెట్టెలలో పుట్ట తేనెటీగలను పెంచేవారు. మూలంలో పాలిస్టైరీన్ పెట్టె అని ఉన్నచోట, పల్లెలో అందరికీ అర్థమవుతుందన్న ఉద్దేశంతో ‘థర్మోకోల్ పెట్టె’ అని రాశాను. పెట్టెకు బయటివైపు రంగు వేయాలని కూడా రాశాను గాని, ఏ రంగో రాయలేదు. ఆయన చేపల మార్కెట్టు నుంచి ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చి, ద్వారం కోసి, ఇంట్లో మిగిలిన ఎనామిల్ రంగును టర్పెంటైనుతో పలుచన చేసి పూశారు. రంగు పడినచోటల్లా గోడ కరిగి గుంటలు పడింది. ఆరిన తర్వాత, ఉన్న పెట్టెల్లో ఒకదానిలోని ఈగలను అందులోకి మార్చారు. వారం తిరగకముందే గోడలను తొలుచుకొని చీమలు లోపలికి చేరాయి. ఈగలు పెట్టె విడిచి వెళ్లిపోయాయి. నేను వెళ్లి చూసినప్పుడు ఆయన కోపగించుకోలేదు. “నువ్వు రాసిన మాటనే కొనుక్కొచ్చాను అల్లుడూ” అని మాత్రం అన్నారు.

ఆ మాట అబద్ధం కాదు. థర్మోకోల్, తేనెపెట్టెకు వాడే పాలిస్టైరీన్ రసాయనికంగా ఒకటే. నిఘంటువు దృష్టితో చూస్తే నా అనువాదంలో తప్పు లేదు. ఆచరణ దృష్టితో చూస్తే ఒక ఈగల కుటుంబం పోయింది. ఈ రెండింటి మధ్యనున్న దూరాన్ని పరిశీలించడానికే ఈ వ్యాసాన్ని రాస్తున్నాను.

2. ఈగను బట్టి ఇల్లు: తెలుగులోని జాతినామాలు

పెట్టె గురించి చెప్పేముందు అందులో ఉండే ఈగ ఏదో నిర్ణయించుకోవాలి. తెలుగులో వ్యవసాయ విస్తరణ రచనలు సాధారణంగా కొండ తేనెటీగ, విసనకర్ర తేనెటీగ, పుట్ట తేనెటీగ, ఐరోపా తేనెటీగ అనే విభజనను పాటిస్తాయి. ఈ పేర్లను గమనిస్తే మొదటి మూడింటిలో ఈగ ఇంటి స్వభావమే పేరుగా మారిందని తెలుస్తుంది. కొండ తేనెటీగ కొండచరియలకు, ఎత్తైన చెట్లకొమ్మలకు ఒకే పెద్ద పట్టును పెడుతుంది. విసనకర్ర తేనెటీగ పొదల కొమ్మలకు విసనకర్ర అంత చిన్న పట్టును కడుతుంది. ఈ రెండూ ఆరుబయట, ఒంటి పట్టు కట్టేవి కాబట్టి పెట్టెలో పెంచడానికి లొంగవు. పుట్ట తేనెటీగ పుట్టలలో, చెట్టుతొర్రలలో, గోడరంధ్రాలలో పక్కపక్కనే అనేక పట్లను కడుతుంది. ఐరోపా తేనెటీగదీ ఇదే పద్ధతి. చీకటి గుహలో సమాంతరంగా పట్లు కట్టే ఈ స్వభావమే పెట్టె అనే ఊహకు మూలం.

ఐరోపా తేనెటీగను మన దేశంలో 1960ల తొలినాళ్లలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగవాన్‌లో స్థిరపరచారు. దక్షిణ భారతంలో అంతకు ముందే, 20వ శతాబ్దపు రెండో దశాబ్దంలో, తిరుచిరాపల్లి ప్రాంతంలో పనిచేసిన క్రైస్తవ మతగురువు న్యూటన్ పుట్ట తేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించారు. నేటికీ ఆ పెట్టె ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఈగ పరిమాణాన్ని బట్టి పెట్టె కొలత మారుతుందన్న ప్రాథమిక విషయానికి న్యూటన్ పెట్టె మంచి ఉదాహరణ. చలిదేశాల్లో అమ్ముడయ్యే పాలిస్టైరీన్ పెట్టెలు ఐరోపా తేనెటీగ కోసం చేసినవన్న సంగతిని ఇక్కడే గుర్తుంచుకోవాలి.

3. పాలిస్టైరీన్: పదార్థ స్వభావం

3.1 పేరు, నిర్మాణం

1839లో బెర్లిన్‌కు చెందిన ఎడువార్డ్ సైమన్ స్టోరాక్స్ అనే చెట్టుజిగురు నుంచి ఒక నూనెను వేరుచేసి, దానికి ఆ జిగురు పేరునుంచే పేరు పెట్టారు. నేటి స్టైరీన్ అన్న మాటకు మూలం అదే. స్టైరీన్ అణువులు గొలుసుగా కలిస్తే పాలిస్టైరీన్ అవుతుంది. ఈ ప్లాస్టిక్ పూసలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో పోసి మళ్లీ ఆవిరి పట్టిస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కొని గట్టి పలక తయారవుతుంది. పూసల లోపల చిక్కుకున్న గాలి కదలదు. వేడిని ఆపేది ఆ కదలని గాలి. మన పూరింటి కప్పులోని గడ్డిపొరలు చేసే పని కూడా ఇదే.

3.2 సాంద్రత: థర్మోకోల్‌కూ తేనెపెట్టెకూ తేడా

వస్తువులను ప్యాక్ చేయడానికి వాడే థర్మోకోల్ సాంద్రత సాధారణంగా ఘనపు మీటరుకు 15 నుంచి 30 కిలోలు. మంచి తేనెపెట్టె సాంద్రత దాదాపు 100 కిలోలు. ఘన పాలిస్టైరీన్ సాంద్రత సుమారు 1050 కిలోలు కాబట్టి, ప్యాకింగు పలకలో 98 శాతం వరకు గాలి ఉంటే తేనెపెట్టె గోడలో 90 శాతం ఉంటుంది. వినడానికి చిన్న తేడాగా తోచినా, ఒకే పరిమాణంలో ప్లాస్టిక్ మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా ఉన్నదని దీని అర్థం. మొదటిది గోటితో నొక్కితే సొట్ట పడుతుంది, విరిస్తే పూసపూసగా రాలుతుంది. రెండోది మెత్తని చెక్కలా ఉంటుంది. తేనెతో నిండిన పెట్టెలను దొంతరగా పేర్చినా భారాన్ని మోస్తుంది. ‘థర్మోకోల్’ అన్న వాణిజ్యనామం మన వ్యవహారంలో సామాన్యనామమై, మొదటి వస్తువునే సూచిస్తున్నది. కాబట్టి రెండోదానికి ఆ పేరు వాడటం ఉచితం కాదు.

3.3 ఉష్ణరక్షణ

పిల్లపురుగులు పెరిగే పట్ల దగ్గర తేనెటీగలు దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను నిలుపుతాయి. చలి పెరిగితే రెక్కల కండరాలను కంపింపజేసి వేడి పుట్టిస్తాయి. ఎండ పెరిగితే నీరు తెచ్చి చల్లి, రెక్కలతో విసురుతాయి. రెండింటికీ ఖర్చయ్యేది తేనె, శ్రమ. గోడ ఎంత బాగా వేడిని ఆపితే ఈ ఖర్చు అంత తగ్గుతుంది.

ఉబ్బించిన పాలిస్టైరీన్ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.035 వాట్లు. పైన్ చెక్కకు అది దాదాపు 0.12. అంటే 4 సెం.మీ. మందమున్న పాలిస్టైరీన్ గోడ, 2 సెం.మీ. చెక్కగోడ కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా వేడిని నిరోధిస్తుంది. డెరెక్ మిచెల్ 2016లో ప్రచురించిన పరిశోధన దీనికి మరో కోణాన్ని చేర్చింది. చెట్టుతొర్రతో పోలిస్తే సాధారణ వాడుకలోని పెట్టెల నుంచి వేడి సుమారు 4 నుంచి 7 రెట్లు ఎక్కువగా బయటికి పోతుందని ఆయన చూపారు. ఈ లెక్కన పాలిస్టైరీన్ పెట్టె ఈగకు కొత్తగా సమకూర్చిన సౌఖ్యం కాదు. మందమైన మానులోని తొర్రను వదిలి పలుచని చెక్కలోకి వచ్చినప్పుడు పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం మాత్రమే.

4. ఎంపిక ప్రమాణాలు

4.1 చట్రం కొలత

ముందుగా చట్రాన్ని, తరువాత పెట్టెను ఎంచుకోవాలి. ఈగలు పట్టు కట్టేది చట్రంలోనే. పెంపకందారు పరీక్షించేది, మార్చేది, ఇచ్చిపుచ్చుకొనేది కూడా చట్రాన్నే. బ్రిటన్‌లో ‘నేషనల్’ కొలత ప్రధానంగా వాడుకలో ఉంది. దాని చట్రం పైకర్ర పొడవు 432 మి.మీ., పిల్లల అంతస్తులో పట్టే చట్రాలు సాధారణంగా 11. అమెరికాలోనూ మరెన్నో దేశాలలోనూ వాడే ‘లాంగ్‌స్ట్రాత్’ కొలతలో పైకర్ర పొడవు 482 మి.మీ., చట్రాలు 10. ఒకదాని చట్రం మరొకదానిలో కూర్చోదు. చుట్టుపక్కల పెంపకందారులు ఏ కొలత వాడుతున్నారో ఆ కొలతనే ఎంచుకోవడం క్షేమం. రాణి ఈగ చనిపోయినప్పుడు గుడ్లున్న ఒక చట్రాన్ని పొరుగువారి దగ్గర తెచ్చుకొంటే కుటుంబం నిలుస్తుంది. కొలత కలవకపోతే ఆ సాయం అందదు.

4.2 ఈగసందు

అమెరికాకు చెందిన మతగురువు లాంగ్‌స్ట్రాత్ 1851లో గుర్తించి, 1852లో పేటెంటు పొందిన పెట్టెకు ఆధారమైన సూత్రం ఇది: ఈగ తిరగడానికి సరిపోయే 6 నుంచి 9 మి.మీ. ఎడాన్ని ఈగలు మూయకుండా వదిలేస్తాయి. అంతకంటే తక్కువైతే చెట్టుజిగురుతో పూడుస్తాయి. అంతకంటే ఎక్కువైతే అక్కడ అదనపు పట్టు కడతాయి. కదిలే చట్రాల పెట్టె మొత్తం ఈ ఒక్క కొలత మీద నిలిచింది.

ఈ భావనకు తెలుగులో ‘ఈగల ఖాళీ’, ‘ఖాళీ స్థలం’ వంటి మాటలు వాడుతున్నాం. మన వ్యవహారంలో ఖాళీ అంటే నింపవలసినది. ఇక్కడి భావన సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇది నింపకూడనిది, నడవడానికి ఉన్నది. రెండు ఇళ్ల మధ్య మనిషి నడిచేంత దారిని తెలుగువారు ‘సందు’ అంటారు. సందును ఎవరూ పూడ్చరు, అందులో ఇల్లు కట్టరు. ఈ కారణంగా ‘ఈగసందు’ అనే పదాన్ని ప్రతిపాదిస్తున్నాను. పదం చిన్నది, చేయవలసిన పనిని తనలోనే సూచించేది.

పెట్టె కొనేటప్పుడు ఈగసందు ఎక్కడ ఉందో చూడాలి. లాంగ్‌స్ట్రాత్ పద్ధతిలో అది చట్రాల పైన ఉంటుంది. నేషనల్ పద్ధతిలో చట్రాల కింద ఉంటుంది. పైసందు పెట్టెను, కిందిసందు పెట్టెను ఒకదానిపై ఒకటి పెడితే ఒకచోట సందు రెండింతలవుతుంది లేదా పూర్తిగా లేకుండా పోతుంది. మొదటి సందర్భంలో రెండు అంతస్తుల చట్రాలు పట్టుతో కలిసిపోతాయి. రెండో సందర్భంలో పెట్టె దించినప్పుడల్లా ఈగలు నలిగిపోతాయి.

4.3 పాత చెక్కపెట్టెతో పొందిక

పాలిస్టైరీన్ గోడ మందం ఎక్కువ కావడంతో లోపలి కొలత ఒకటైనా బయటి కొలత పెద్దదవుతుంది. చెక్క నేషనల్ పెట్టె బయటి కొలత 460 మి.మీ. చతురస్రం. అదే కొలత చట్రాలు పట్టే కొన్ని పాలిస్టైరీన్ పెట్టెలు దానికంటే వెడల్పుగా ఉంటాయి. చెక్క అంతస్తు మీద వాటిని పెడితే అంచు బయటికి వచ్చి వాననీరు నిలుస్తుంది. ఒక తయారీదారు అంతస్తు మరొకరి అడుగుపలకపై సరిగా కూర్చోకపోవచ్చు. ఈ కారణంగా అడుగుపలక, అంతస్తులు, కప్పు అన్నింటినీ ఒకే తయారీ నుంచి తీసుకోవడం మంచిది.

4.4 అంచులు, చట్రం కూర్చునే పట్టీ, అడుగుపలక

ఈగలు అంతస్తులను జిగురుతో అతికిస్తాయి. వాటిని విడదీయడానికి ఇనుప పనిముట్టును సందులో దూర్చి పైకెత్తాలి. పాలిస్టైరీన్ అంచులు ఈ ఒత్తిడికి నొక్కుకుపోతాయి. అంచులకు, మూలలకు గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్న పెట్టె ఎక్కువకాలం మన్నుతుంది. చట్రాల చెవులు కూర్చునేచోట ప్లాస్టిక్ లేదా లోహపు పట్టీ తప్పనిసరిగా ఉండాలి. అడుగుపలకకు జాలీ ఉంటే, రాలిపడిన వరోవా నల్లులు కిందికి పోతాయి, లోపలి తేమ బయటికి పోవడానికి దారి ఏర్పడుతుంది.

రాణి ఈగల పెంపకానికి వాడే చిన్న పెట్టెల విషయంలో పాలిస్టైరీన్ ప్రయోజనం మరింత స్పష్టం. కొద్దిపాటి ఈగలు పలుచని చెక్కలో వేడిని నిలుపుకోలేవు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన అపిడియా, జర్మనీలోని కీల్ పేరుమీదున్న కీలర్ వంటి చిన్న పెట్టెలు పాలిస్టైరీన్‌తోనే తయారవుతున్నాయి. కొత్తగా ఈ పదార్థాన్ని పరీక్షించదలచినవారు ఇటువంటి చిన్న పెట్టెతో మొదలుపెట్టడం సమంజసం.

5. అమరిక క్రమం

5.1 కూర్పు

విడిభాగాలుగా వచ్చే పెట్టెను ముందు జిగురు లేకుండా కూర్చి చూడాలి. మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నాయని రెండు కర్ణాలను కొలిచి నిర్ధారించుకోవాలి. రెండు కర్ణాలు సమానమైతే చట్రాలు ఇరుక్కోవు. ఆ తరువాత నీటికి తట్టుకొనే చెక్కజిగురుతో అతికించి, చుట్టూ పట్టీ బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. ద్రావణులు కలిసిన జిగురును వాడకూడదు. పెట్రోలు, అసిటోన్, థిన్నర్, టర్పెంటైను ఏవి తగిలినా పాలిస్టైరీన్ కరుగుతుంది.

5.2 రంగు

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలిస్టైరీన్‌ను పసుపుబార్చి, పైపొరను పొడిగా రాలుస్తాయి. రంగు వేయడం ఇక్కడ అలంకరణ కాదు, పెట్టె ఆయుష్షుకు ఆధారం. ఇంటి బయటి గోడలకు వేసే నీటి ఆధారిత రంగును రెండు పూతలుగా వేయాలి. లోపలివైపు వేయకూడదు. ఒక అంతస్తు మరొక అంతస్తును తాకే అంచులకూ వేయకూడదు. వేస్తే అవి ఒకదానికొకటి పట్టుకుపోతాయి. వాసన పూర్తిగా పోయేవరకు కొన్ని రోజులు గాలికి ఆరబెట్టిన తరువాతే ఈగలను చేర్చాలి. ‘రంగు వేయాలి’ అన్న ఒక్క వాక్యంలో ఇన్ని షరతులు దాగి ఉన్నాయి. నా అనువాదంలో లోపించినవి ఇవే.

5.3 స్థలం, పీఠం

పెట్టెను నేలకు 30 నుంచి 45 సెం.మీ. ఎత్తున పీఠంపై ఉంచాలి. చట్రాలు నిటారుగా వేలాడేందుకు పీఠం పక్కలకు సమతలంగా ఉండాలి. మూసి ఉన్న అడుగుపలక అయితే ద్వారంవైపు కొద్దిగా వాలు ఉంచితే లోపల చేరిన నీరు బయటికి జారుతుంది. చలిదేశాల్లో ద్వారాన్ని ఉదయపు ఎండ పడేలా ఆగ్నేయానికో దక్షిణానికో తిప్పుతారు.

తేలికదనం ఈ పెట్టెకు గుణమూ దోషమూ. మోయడం సులభం, గాలికి పడిపోవడమూ సులభం. చెక్కపెట్టె మీద ఒక ఇటుక పెడితే సరిపోయేచోట, దీన్ని పీఠంతో కలిపి పట్టీతో బిగించాలి.

5.4 ఈగలను మార్చడం

పనికి వెళ్లిన ఈగ తిరిగివచ్చేది తన పెట్టె దగ్గరకు కాదు, ఆ పెట్టె ఉన్న చోటికి. కనుక పాత పెట్టెను పక్కకు జరిపి, సరిగ్గా అదే స్థానంలో, ద్వారం అదే దిశలో ఉండేలా కొత్తపెట్టెను ఉంచాలి. చట్రాలను ఒక్కొక్కటిగా తీసి, అదే వరుసలో, అదే ముఖం అదే వైపున ఉండేలా కొత్తపెట్టెలోకి మార్చాలి. పిల్లలున్న చట్రాలు మధ్యలో కలిసి ఉండాలి. వాటిని విడదీస్తే ఈగలు వేడిని నిలుపలేవు. రాణి ఈగ ఏ చట్రం మీద ఉందో చూసుకొని, ఆ చట్రాన్ని జాగ్రత్తగా దించాలి. చివరగా మిగిలిన ఈగలను పాత పెట్టె నుంచి దులిపి, లోపలి మూత, కప్పు అమర్చి, పట్టీ బిగించి, ద్వారాన్ని చిన్నది చేయాలి. చిన్న ద్వారాన్ని కాపలా ఈగలు దొంగ ఈగల నుంచి, కందిరీగల నుంచి సులభంగా రక్షించుకొంటాయి.

6. నిర్వహణ, శుద్ధి, పర్యావరణం

చెక్కపెట్టెను శుద్ధి చేయడానికి లోపలివైపును మంటతో కాల్చడం పాత పద్ధతి. పాలిస్టైరీన్‌కు అది పనికిరాదు. ముందు మైనాన్ని, జిగురును గీకివేసి, చాకలిసోడా కలిపిన వేడినీటితో రుద్ది కడగాలి. తరువాత 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచింగ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. గీకడం, కడగడం జరగకుండా నేరుగా బ్లీచింగ్ ద్రావణంలో ముంచితే మైనం కింద దాగిన రోగబీజాలకు అది అందదు. క్రమమే ఇక్కడ వైద్యం.

వేడి పొగడబ్బాను కప్పుమీద పెడితే అక్కడ గుంట పడుతుంది. వరోవా నివారణకు ఆక్సాలిక్ ఆమ్లాన్ని ఆవిరిచేసే వేడి పళ్లెం గోడకు గాని అడుగుకు గాని తగలకూడదు. చీమలు, ఎలుకలు, బ్రిటన్‌లో ఆకుపచ్చ వడ్రంగిపిట్టలు ఈ గోడలను తొలుస్తాయి. పీఠం కాళ్లకు నీటిగిన్నెలు, అవసరమైనచోట చుట్టూ వల ఏర్పాటు చేసుకోవాలి.

పర్యావరణ దృష్టితో చూస్తే ఈ పెట్టెకు ఒక తీరని లోపం ఉంది. చెక్క చివరకు మట్టిలో కలుస్తుంది, పాలిస్టైరీన్ కలవదు. విరిగిన ముక్కలు పూసలుగా రాలి నేలలో, నీటిలో మిగిలిపోతాయి. గట్టి పెట్టెను ఎంచుకొని, రంగును కాపాడుతూ, దీర్ఘకాలం వాడటం ఒక్కటే ఈ లోపాన్ని కొంతవరకు తగ్గించే మార్గం. నాసిరకం పెట్టెను రెండేళ్లకొకసారి పారవేసేవారికి ఈ పదార్థం తగదు.

7. తెలుగునేలకు అన్వయం

చలికాలపు అవసరం నుంచి పుట్టిన వస్తువు ఎండలు మెండైన తెలుగునేలకు అవసరమా అన్న ప్రశ్న సహజం. ఉష్ణరక్షణ అంటే వెచ్చగా ఉంచడం అని మాత్రమే అర్థం చేసుకొంటే అవసరం లేదనే అనిపిస్తుంది. వేడిని ఆపే గోడ అటునుంచి ఇటూ ఆపుతుంది, ఇటునుంచి అటూ ఆపుతుంది. మట్టిగోడల పూరిల్లు మాఘంలో వెచ్చగా, వైశాఖంలో చల్లగా ఉండటం మనకు తెలిసినదే. ఎండాకాలంలో నీరు మోసే ఈగల శ్రమను ఇటువంటి గోడ తగ్గించగలదు. అయినా నీడను మించిన రక్షణ లేదు. చెట్టునీడ ఉన్నచోట మామూలు చెక్కపెట్టె సరిపోతుంది.

మన పుట్ట తేనెటీగ విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. అది ఐరోపా తేనెటీగ కంటే చిన్నది. పట్ల మధ్య దూరం, కుటుంబ పరిమాణం తక్కువ. ఐరోపా కొలత పెట్టెలో అది ఇమడదు. అది చెట్టుజిగురును సేకరించదు కాబట్టి పెట్టెలోని చిన్న పగుళ్లను పూడ్చుకోలేదు. ఆ పగుళ్లే మైనపు పురుగుకు దారులవుతాయి. బాధ కలిగితే పెట్టె విడిచి వెళ్లిపోయే స్వభావం దానిలో ఎక్కువ. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణ భారతంలో ఈ ఈగల కుటుంబాలను తీవ్రంగా నష్టపరిచింది. అంతటి దెబ్బ తిన్న జాతిపై కొలత చూడని ప్రయోగాలు చేయడం తగదు.

8. పదజాల ప్రతిపాదన

పై వివరణలో ఎదురైన పదసమస్యలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

1) గది, అర, అంతస్తు: విస్తరణ రచనలలో ‘పిల్లల గది’, ‘తేనె గది’ అన్న మాటలు పెట్టెలోని పెద్ద భాగాలను సూచిస్తాయి. పట్టులోని ఆరుమూలల చిన్న రంధ్రాలను కూడా ‘గదులు’ అనే అంటున్నాం. ‘గది నిండితే తేనె తీయండి’ అన్న వాక్యానికి అప్పుడు రెండర్థాలు వస్తాయి. పట్టులోనిదాన్ని ‘అర’ అని, పెట్టెలో ఒకదానిపై ఒకటి పేర్చేదాన్ని ‘అంతస్తు’ అని అంటే సందిగ్ధత తొలగుతుంది.

2) ఈగసందు: 4.2లో వివరించినట్లు ‘ఖాళీ’కి బదులు.

3) ఉష్ణరక్షణ: ‘వెచ్చదనం’ అన్న మాట ఒకవైపు అర్థాన్నే ఇస్తుంది. వేడినీ చలినీ సమానంగా అడ్డుకొనే గుణానికి ఈ పదం తగినది.

4) గట్టి పాలిస్టైరీన్: థర్మోకోల్ నుంచి వేరుచేయడానికి ‘గట్టి’ అన్న చిన్న విశేషణం చాలు. సాంద్రతను అంకెల్లో చెప్పడం దీనికి తోడు కావాలి.

5) చట్రం, ఫ్రేము: పెంపకందారులు ఫ్రేము అనే అంటారు. ఇక్కడ సందిగ్ధత ఏదీ లేదు కాబట్టి రెండింటినీ అంగీకరించవచ్చు. వాడుకలో నిలిచి, పనికి అడ్డురాని అన్యదేశ్యాన్ని తొలగించవలసిన అగత్యం లేదు.

9. ముగింపు

• తేనెపెట్టెను ఎంచుకొనేటప్పుడు ఈగజాతి, చట్రం కొలత, ఈగసందు, సాంద్రత, అంచుల గట్టిదనం అనే వరుసలో పరిశీలించాలి.

• పాలిస్టైరీన్ పెట్టె ప్రధాన ప్రయోజనం ఉష్ణరక్షణ. ద్రావణులు, మంట, ఎండ, గాలి, చీమలు దాని ప్రధాన శత్రువులు. అమరికలోని ప్రతి సూచన వీటిలో ఏదో ఒకదానికి సమాధానం.

• ఇది ఐరోపా తేనెటీగ కోసం రూపొందినది. పుట్ట తేనెటీగకు దాన్ని యథాతథంగా వాడకూడదు.

• సాంకేతిక అనువాదంలో పదం వస్తువును గుర్తింపజేస్తే సరిపోదు, ఆ వస్తువుతో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో కూడా సూచించగలగాలి. అది ఒక్క పదంలో సాధ్యం కానప్పుడు అనువాదకుడు ఒక వాక్యం అదనంగా రాయాలి.

మూలంలో ‘రంగు’ అని మాత్రమే ఉండవచ్చు. ఆ దేశపు పాఠకుడికి ఏ రంగో దుకాణంలో తెలుస్తుంది. మన పాఠకుడికి తెలిసే అవకాశం లేనప్పుడు ఆ లోటును పూరించడం అనువాదకుడి బాధ్యత. మా మేనమామ మిగిలిన ఒక్క పెట్టెను రెండుగా విభజించి, మళ్లీ రెండు కుటుంబాలను నిలబెట్టుకున్నారు. రెండూ చెక్కపెట్టెలే, చింతచెట్టు నీడన ఉన్నాయి. ఈ వ్యాసంలోని అమరిక భాగాన్ని ఆయనకు చదివి వినిపించి, అర్థంకాని చోట్ల ఆగి, ఆయన అడిగిన ప్రశ్నలకు అనుగుణంగా వాక్యాలను సవరించాను. విషయ వివరణాత్మక రచనకు ఇటువంటి శ్రోత మొదటి పరీక్షకుడు కావాలని నా అభిప్రాయం.